ఓడలో మూడు దారుల కూడలి

కర్నూలులో మా ఇంటికి ఈమధ్య కుర్రవాళ్లు వచ్చిపోతున్నారు. ఓడలో ఉద్యోగం ఎలా వస్తుంది, జీతమెంత, సముద్రం మీద తల తిరుగుతుందా అని అడుగుతారు. నేను ఓడలో ఏం చేశానో మాత్రం ఎవరూ అడగరు. ఓడ ఉద్యోగం అంటే ఇంజను దగ్గరో వంటశాలలోనో ఉంటుందని మనవాళ్ల నమ్మకం. నేను చేసింది రాత్రి భోజనాలయ్యాక పరుల పిల్లలను ఆడించడం.

విహారానికి పోయే పెద్ద ఓడల్లో పిల్లల క్లబ్బు అని ఒకటి ఉంటుంది. పగటిపూట దాన్ని ఎవరైనా నడపగలరు. అసలు పని రాత్రిది. తల్లిదండ్రులు పాటకచేరీకో విందుకో పోయి తిరిగి వచ్చేదాకా మేలుకుని ఉన్న పిల్లలను ఆడించాలి, నిద్ర వచ్చినవాళ్లను పరుపుల మీద పడుకోబెట్టాలి, తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు సరైన మనుషులో కాదో చూసి అప్పగించాలి. ఇది తేలిక పని అనుకునేవాళ్లు రాత్రిపూట తల్లి కోసం ఏడ్చే పిల్లను ఒక్కసారి ఊరుకోబెట్టి చూడండి.

నాకు ఆ విద్య మా జిల్లాలోనే కోసిగి పక్క ఒక పల్లె బడిలో వచ్చింది. అక్కడ సైన్సు చెప్పేవాణ్ని. వానలు లేని ఏడాది తరగతి గది సగం ఖాళీ అయ్యేది. పెద్దవాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీలెక్కితే, వెనక మిగిలిన పిల్లలకు బడిలోనే హాస్టలు నడిపేవాళ్లం. పగలంతా బాగానే ఉండే పిల్లలు రాత్రి అన్నాలయ్యాక ఏడుపు మొదలుపెట్టేవారు. గ్లాసు తలకిందులు చేసినా నీళ్లు పడకుండా నిలబెట్టడం, వట్టి చేతిలో బూడిద పుట్టించి అదెలా వచ్చిందో వాళ్లచేతే కనిపెట్టించడం, నక్షత్రాలు గుర్తుపట్టించడం, ఇవన్నీ ఆ ఏడుపు ఆపడానికి పట్టిన విద్యలు. ఆ హాస్టల్లో పెరిగిన కుర్రవాడొకడు చెన్నై నుంచి నడిచే ఒక విహార ఓడలో వినోద విభాగానికి అధికారి అయ్యాడు. మా బడి మూతపడ్డాక ఫోన్ చేశాడు.

"సార్, ఈడ కూడా రాత్రయితే పిల్లోళ్లు ఏడుస్తాండారు. మీరు రాండి."

వెళ్లాను. అక్కడ తల్లిదండ్రులు కూలికి పోయి పిల్లలను వదిలారు, ఇక్కడ నాట్యానికి పోయి వదిలారు. ఏడుపులో మాత్రం నాకు తేడా వినిపించలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను హేతువాదిని. సభల్లో గొంతు చించుకున్నవాణ్ని. మూడు దారులు కలిసే చోట జనం దిష్టి తీసి పడేసిన కొబ్బరికాయలు ఏరి, అందరి ఎదుట పగలగొట్టుకుని తిన్నవాణ్ని. వాటిని దాటితేనే కీడని పక్కకు తప్పుకుపోయే పట్టభద్రులను పేరు పెట్టి పిలిచి, ఒక ముక్క తినిపోండని నిలదీసినవాణ్ని. ఈ దేశంలో చదువు మనుషుల నోటికి ఇంగ్లీషు ఇచ్చింది గాని కాళ్లకు ధైర్యం ఇవ్వలేదని అప్పుడు అనేవాణ్ని, ఇప్పుడూ అంటాను.

ఒకసారి ఎరువులూ పురుగుమందులూ చేసే కంపెనీ ఒకటి తన సరుకు బాగా అమ్మిన డీలర్లను కుటుంబాలతో సహా మా ఓడ ఎక్కించింది. అందరూ కర్నూలు, కడప జిల్లాలవాళ్లే. మెట్ల మీద, లిఫ్టుల్లో, భోజనాల దగ్గర మన మాటే. మొదటి రాత్రి క్లబ్బు తలుపు దగ్గర ఆడవాళ్లు గుంపుగా నిలబడి లోపలికి తొంగిచూశారు.

"రాత్రిపూట పిల్లోళ్లను ఎవురికో ఇచ్చి మనం పోయి ఏం చేయల్ల?" అంది ఒకామె.

"డాన్సు చూడొచ్చంట."

"మా ఆయప్ప తాగి చేసేది ఇంటికాడ చూస్తానే ఉండా లే."

నవ్వుకున్నారు. కానీ పిల్లలు అప్పటికే లోపలికి దూరిపోయారు.

క్లబ్బులో నాతోపాటు ఇద్దరుండేవారు. సూపర్‌వైజరు గోవా అమ్మాయి, గడియారం చూడకుండా ఊపిరి తీయదు. రెండో ఆమె కడప ముస్లిం అమ్మాయి, దర్జీ కూతురు. పిల్లల వేషాలకు బట్టలు కుట్టడం, ముఖాలకు రంగులు వేయడం ఆమె పని. నా వాదనలన్నీ ఓపికగా వినేది. "సార్, మీరు దేవుడు లేడని చెప్పుకోండి, నాకేం లేదు. నిద్రపోయే పిల్లోళ్లకు మాత్రం చెప్పాకండి. లేచి కూర్చోని ప్రశ్నలు అడుగుతాండారు" అనేది.

ప్రతి ప్రయాణంలో ఆఖరి రాత్రి పిల్లల ఊరేగింపు ఉండేది. ఓడ నడిపే కెప్టెను వేషంలో ఒక పిల్ల ముందు నడిస్తే, మిగిలినవాళ్లు నావికులుగా వెనక నడుస్తూ కింది పెద్ద హాలుకు చేరాలి. కెప్టెనును మొదటి రాత్రే పిల్లలు ఎన్నుకునేవారు. ఆసారి పోటీయే లేదు. ఒంటిమిట్ట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఏడేళ్ల పిల్లకు వాళ్ల నాన్న ఎరువుల అంగడి ముందు లారీలను వెనక్కి రప్పించి అలవాటు. ఓడ నడిపే బొమ్మ చక్రం చేతికివ్వగానే, "రానీ రానీ, ఇంగా రానీ, లెఫ్టు కొట్టు, ఆపు" అని అరిచింది. గది దద్దరిల్లింది. పిల్లలే కాదు, తలుపు దగ్గరి తల్లులు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రే సముద్రం కొంచెం పొంగింది. పిల్ల తెల్లవార్లూ వాంతులు చేసుకుంది.

పొద్దున పైడెక్కు మీద వాళ్ల జేజి నన్ను పిలిపించింది. జేజి అంటే ఆ పిల్ల నాన్నకు తల్లి. పొడుగాటి కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. వేరుశనగ మూటలు ఎత్తిన చేతులని చూస్తేనే తెలుస్తుంది. కొడుకు కొంచెం దూరంలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు. తల్లి మాట్లాడేటప్పుడు అతను ఎప్పుడూ అలాగే ఎటో చూస్తాడని తర్వాత అర్థమైంది.

"అయివోరా, మా పాప ఊరేగింపులో నడవదు. ఇంగొకరిని పెట్టుకోండి."

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాను. నేను పంతులినని ఎవరో చెప్పినట్టున్నారు, అందుకే "అయివోరా" అంది.

"నిన్న అంతమంది ఒకేతూరి చూసిరి. చప్పట్లు కొట్టిరి. రాత్రికి పడిపోయ. దిష్టి గాక ఏంది?"

నేను సముద్రం ఊపు గురించి చెప్పాను. కన్ను ఒకటి చెబుతుంది, చెవి లోపల ఉన్న నీళ్లు ఇంకొకటి చెబుతాయి, ఆ తగువులో కడుపు తిరుగుతుంది అని చెప్పాను. మాత్ర వేసి, దూరంగా నింగీ నీళ్లూ కలిసే చోటు చూస్తూ ఉండమంటే తగ్గుతుందని చెప్పాను. ఆమె చివరిదాకా వింది.

"రాత్రి నీకూ కడుపు తిప్పిందట కదా. నీకెవరు దిష్టి పెట్టారు?" అని అడిగాను. సభల్లో ఈ దెబ్బకు చాలామంది పడిపోయేవారు.

"నన్ను చూసి కుళ్లుకునేటోళ్లు ఈడ ఎవురుండారప్పా? నాది వయసు."

"దిష్టి అనేది లేదు పెద్దమ్మా."

"నువ్వు చూసినావా లేదని?"

"లేనిదాన్ని ఎలా చూస్తాను?"

"చూడనిదాన్ని లేదని ఎట్ల చెప్తావు?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. మొదలుపెట్టాను కూడా. ఆమె చెయ్యెత్తింది.

"నీ మాటలు బాగుండాయి అయివోరా. మా పాపకు బాగలేదు."

కుర్చీ వెనక నుంచి పిల్ల నన్ను చూసింది. చేతులు మాత్రం చక్రం తిప్పుతున్నట్టు కదులుతున్నాయి.

నేను ఓటమి ఒప్పుకునే రకం కాదు. పిల్లకు ఓడ డాక్టరుతో మాత్ర ఇప్పించాను. మధ్యాహ్నానికి తేరుకుంది. సాయంత్రం మళ్లీ పోయి ఆమెకు చెప్పాను, మర్నాడూ చెప్పాను. ఎంత చెప్పినా ఆమె "ఊ" అనేది. ఆఖరి రోజు మధ్యాహ్నం కడప అమ్మాయి వచ్చి, జేజి ఒప్పుకుందని చెప్పింది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

"చూశావా, ఓపిగ్గా చెబితే ఎవరికైనా తర్కం ఎక్కుతుంది."

"అవును సార్" అంది కెప్టెను కోటుకు గుండీలు కుడుతూ. తల ఎత్తలేదు.

రాత్రి పిల్లలను వరసలో నిలబెట్టాం. నావికుల టోపీలు, రంగు మీసాలు. ముందు ఆ పిల్ల, మోకాళ్లదాకా దిగిన తెల్లకోటులో. కింద హాలు మాకిచ్చింది కొద్దిసేపే, తర్వాత అక్కడ పాటకచేరీ ఉంది. పిల్లలతోపాటు నడవడానికి తల్లిదండ్రులు వచ్చే సమయమైంది. తలుపు తీశాను.

మా క్లబ్బు ముందు మూడు కారిడార్లు కలుస్తాయి. ఒకటి లిఫ్టుల నుంచి, ఒకటి గదుల నుంచి, ఒకటి హాలు మెట్ల నుంచి. లిఫ్టుల వైపు కారిడార్లో తల్లిదండ్రులంతా పట్టుచీరలతో, కోట్లతో నిలబడి ఉన్నారు. ఒక్కరూ ముందుకు రావడం లేదు. మూడు దారులూ కలిసే చోట, నీలం తివాచీ నడిమధ్య, గుప్పెడు రాళ్లుప్పు, కొన్ని ఎండు మిరపకాయలు.

మా సూపర్‌వైజరు నా పక్కకు వచ్చింది. "ఏమైంది? వీళ్లకు మిరపకాయ పడదా?" అంది ఇంగ్లీషులో.

"పడదు" అన్నాను. అంతకంటే పొట్టిగా ఎలా చెప్పాలో తెలియలేదు.

"అయితే ఎవరైనా తీసేయండి. హాలు మనకు ఎక్కువసేపు లేదు. కదలకపోతే ఊరేగింపు ఆపేస్తాను."

అటుపక్క నిలబడ్డవాళ్లలో కెమిస్ట్రీ చదివి పురుగుమందులు అమ్మే నంద్యాల డీలరు ఉన్నాడు. ఏ మందు ఏ పురుగును ఎలా చంపుతుందో చెప్పగల మనిషి. నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"నాకేం నమ్మకం లేదు సార్. నేనొక్కడినే అయితే తొక్కుకుంటా వస్తా. పిల్లోళ్ల సంగతి కదా."

పక్కనున్న కంపెనీ ఆఫీసరు అదే మాట ఇంగ్లీషులో అన్నాడు. వాళ్ల వెనక ఉన్న అందరూ అదే. నమ్మేవాడు ఒక్కడూ లేడు, దాటేవాడూ లేడు. నా జీవితంలో చూసిన కూడళ్లన్నీ ఇంతే. కాకపోతే ఇదొకటి సముద్రం మీద తేలుతోంది.

నేను నేరుగా నడిచి పోయి వంగి మిరపకాయలు ఏరాను. ఉప్పు అరచేత్తో ఊడ్చి ఎత్తాను. అందరూ చూస్తుండగా వెనక్కి వచ్చి క్లబ్బులోని చెత్తబుట్టలో పడేసి, చేతులు దులుపుకుని, "ఇక రండి" అన్నాను.

ఎవరూ రాలేదు.

"పిల్లోళ్లుండే రూములోనే పడేసినాడు" అంది ఎవరో తల్లి.

"చేత్తో ముట్టుకున్నాడు గదా ఆయప్ప."

"రేయ్, ఆ సారు చెయ్యి పట్టుకోవాకు. ఇట్లా వచ్చెయ్."

ఆ పిల్లవాడు బయలుదేరబోయాడు. వెంటనే అదే తల్లి, "ఆగు, దాంట్లో నడవాకు" అని కేక వేసింది. వాడు ఒక కాలు గడప మీద, ఒక కాలు లోపల పెట్టి నిలబడ్డాడు. అంతదాకా కీడు తివాచీ మీద ఒకచోట ఉండేది. నేను దాన్ని గదిలోకి తెచ్చి, నా చేతులకు కూడా పూసుకున్నాను. ఇప్పుడు పిల్లలు బయటికి రాలేరు, పెద్దలు లోపలికి రాలేరు. కూడలిలో కొబ్బరికాయ తిన్న రోజుల్లో జనం నన్ను చూసి నవ్వేవారు, తిట్టేవారు. పిల్లలను నా నుంచి పక్కకు లాగడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

కెప్టెను కోటులోని పిల్ల చెత్తబుట్ట వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ మిరపకాయలు ఎవరివో దానికి తెలుసు. టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

సూపర్‌వైజరు మళ్లీ గడియారం చూసుకుంది. కడప అమ్మాయి నా చెవి దగ్గరకు వచ్చింది.

"సార్, కోప్పడాకండి. జేజిని ఒప్పించింది మీరు గాదు, నేను. దిష్టి తీసి పడేసేదానికి మూడు దోవలు కలిసే చోటు ఈడ యాడుండాదని అడిగె. ఓడ రూల్సులో నీళ్లలో యేయగూడదు, కాల్చగూడదు. మన తలుపు ముందరే ఉండాది కదా అని చెప్తి. తీసినాక పాపను పంపిస్తా అనె."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అంత సంతోషంగా ఉంటిరి సార్."

ఆమె గదుల వైపు పరిగెత్తింది. దిష్టి తీసి పడేసినవాళ్లు వెనక్కి తిరిగి చూడకుండా పోయి కాళ్లు కడుక్కోవాలి. జేజి అలాగే పోయి గదిలో కూర్చుని ఉండాలి. ఇక్కడ ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు.

జేజి తెలుసుకుని వచ్చింది. గదుల కారిడారు చివర నిలబడి, అటు పెద్దలనూ ఇటు పిల్లలనూ చూసింది. మనవరాలి చేతిలోని టోపీ దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఏమప్పా, పెండ్లికి వచ్చినట్టు అందరూ ఈడ నిలబడ్నారు?"

"ఎవురో దిష్టి తీసి పడేసిపోయినారు జేజీ" అన్నాడు నంద్యాల డీలరు.

ఆమె జవాబు ఆలస్యమైంది. ఎక్కువసేపు కాదు. సభల్లో ఎదుటివాడి జవాబు కోసం ఎదురుచూసి అలవాటైన నాకే ఆ ఆలస్యం తెలిసింది.

"దిష్టా? అవి నా మిరక్కాయలు. నీళ్ల బువ్వలోకి నంచుకునేదానికి ఊరి నుంచి తెచ్చుకున్నా. మూట ముడి ఊడి యాడనో జారిపోయినాది. వెతుక్కుంటా వస్తాండా. యాడ పెట్టినారు?"

అందరి కళ్లూ నా వైపు తిరిగాయి.

"చెత్తబుట్టలో వేశాను" అన్నాను.

"బుట్టలోనా? చదువు చెప్పేటోనివి, తినేదాన్ని తీసకపోయి బుట్టలో యేస్తావా? వీళ్లు చూడు, ఇంతమంది. ముసిల్దాని మూట జారిపడితే ఎత్తి ఇచ్చే దిక్కు లేదు. దిష్టంట దిష్టి. సూటు యేసుకుంటే సరిపాయనా?"

తిడుతూనే నడిచి వచ్చింది. పక్కగా కాదు. మూడు దారులు కలిసే చోట, ఉప్పు రాళ్లు ఇంకా ఒకటి రెండు తివాచీలో మెరుస్తున్న చోట, సరిగ్గా నడిమధ్య కాలు పెట్టి దాటి వచ్చింది. ఆమె పాదం తీసిన చోట తివాచీ మీద తడి మరక పడింది. అప్పుడే కడుక్కుని వచ్చిన కాళ్లు. అది చూసినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను.

ముందు కంపెనీ ఆఫీసరు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. "మిరక్కాయలకు భయపడ్తిమి గదప్పా" అని ఒకరినొకరు వెక్కిరించుకుంటూ దాటి వచ్చారు. జేజి పిల్ల చేతిలోని టోపీ తీసి దాని తలమీద పెట్టి, రెండు చేతులతో సరిచేసింది.

"నడువు. గెట్టిగా అరువు."

పిల్ల గట్టిగానే అరిచింది. "రానీ రానీ, వెనకాలోళ్లు రానీ, రైటు కొట్టు" అని మెట్ల పొడుగునా కేకలు వేస్తూ హాలులోకి తీసుకుపోయింది. పెద్దలు కూడా నవ్వుతూ ఆ మాట ప్రకారమే కుడికీ ఎడమకూ తిరిగారు.

మీలో కొందరు అడుగుతారు: అబద్ధం అని తెలిసి ఊరుకున్నావా అని. ఊరుకున్నాను. నిజం అనేదాని కోసం ఊళ్లలో రాళ్ల దెబ్బలు తిన్నవాణ్ని, ఆ రాత్రి నోరు తెరవలేదు. దిష్టి లేదనే నిజం ఆ కారిడార్లో అందరి చేతా ఒప్పించింది దిష్టిని నమ్మే మనిషి. నేను నమ్మిందంతా చేసి చూపించినా ఒక్క పిల్లవాడూ గడప దాటలేదు. దీని మీద ఇంతకాలం ఆలోచించాను. నాకు నచ్చే జవాబు ఇంకా దొరకలేదు.

ఊరేగింపు అయ్యాక కొడుకూ కోడలూ పాటకచేరీ వినడానికి హాలులోనే ఉండిపోయారు. జేజి పిల్లను తీసుకుని క్లబ్బుకు వచ్చింది. పిల్లల కోసం వేసిన పొట్టి కుర్చీలో కూర్చుంది. కోటు విప్పకుండానే పిల్ల ఆమె ఒడిలో నిద్రపోయింది.

"ఉప్పు తెచ్చిపెట్టు అయివోరా."

"ఎందుకు?"

"తీసింది తీయలేదని చెప్తి. పైగా దాటితి. ఇంగ అది తీసినట్టా? ఆ చప్పట్లు ఇన్నావా, మొన్నటి కంటే ఎక్కువ. మళ్ల తీయల్ల. ఉండే మూట నువ్వు బుట్ట పాలు చేస్తివి."

దిష్టి తీయకుండానే పిల్ల ఊరేగింపు నడిపి సుఖంగా నిద్రపోతోంది కదా అనే మాట నా నాలుక చివరకు వచ్చింది. రంగు డబ్బాలు సర్దుతున్న కడప అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. లేచి భోజనశాలకు పోయాను. అక్కడ ఉప్పు చిన్న చిన్న కాగితపు పొట్లాల్లో ఉంటుంది. గుప్పెడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ఒక పొట్లాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "ఇంతేనా? తలనొప్పి మాత్రంత ఉండాది."

"ఇక్కడ ఇవే ఉంటాయి."

ఆమె గుండ్రటి కిటికీ వైపు తిరిగింది. బయట చీకటి, ఓడ దీపాల వెలుతురులో కొద్దిగా నురగ.

"ఈ నీళ్లు ఉప్పే కదా?"

"ఉప్పే పెద్దమ్మా."

"అన్నీనా?"

"అన్నీ ఉప్పే."

ఆమె పొట్లాలన్నీ నా చేతిలో తిరిగి పెట్టింది.

"అయితే పాప ఓడెక్కిన కాడినుంచీ ఉప్పులోనే తిరుగుతాంది గదప్పా. ఇంగ నేను తీసేదేముండాది? పో, వీటిని ఉండేకాడ పెట్టు."

ఆ తర్కంలో రెండు లోపాలున్నాయి. రెండూ నాకు కనిపించాయి. పొట్లాలు జేబులో వేసుకున్నాను.

పిల్లను భుజాన వేసుకుని లేచింది. నేను టోపీ పట్టుకుని వెంట వెళ్లాను. మూడు దారులు కలిసే చోట ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇందాక వట్టి చేతులతో నడిమధ్యన దాటిన మనిషి, ఇప్పుడు పిల్ల కాళ్లను చేత్తో దగ్గరకు లాక్కుని, గోడకు ఆనుకుని పక్కగా నడిచి దాటింది. నేను నడిమధ్యగానే నడిచాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.